కోపానికి కళ్లెం వేసేది ఎవరు?



ప్రశ్నపత్రం చూడగానే గుండె దడదడలాడుతుంది కదా! మెదడులో రెండు పక్కలా బాదంగింజంత ఉండే అమిగ్డలా ప్రమాదాన్ని పసిగట్టి హైపోథాలమస్‌ను హెచ్చరిస్తుంది. అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి, గుండె వేగం పెరుగుతుంది.

ఈ ఉద్రేకాన్ని అదుపు చేసేది నుదుటి వెనక ఉన్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్. అది పూర్తిగా ఎదిగేసరికి సుమారు 25 ఏళ్లు పడుతుంది. అందుకని పదో తరగతి పిల్లవాడు విసుక్కుంటే అదంతా పొగరని అనుకోకండి. కళ్లెం ఇంకా తయారవుతోందంతే. తప్పు దిద్దాలి, కానీ ఇద్దరూ చల్లబడ్డాక.

2007లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో, భావానికి పేరు పెట్టినప్పుడు అమిగ్డలా చురుకు తగ్గినట్టు తేలింది. కాబట్టి పిల్లలూ, "భయంగా ఉంది", "ఉక్రోషంగా ఉంది" అని మన ఇంటి తెలుగులోనే చెప్పేయండి. పెద్దలారా, మధ్యలో అడ్డుపడకుండా వినండి.

— ప్రధానోపాధ్యాయుడు