కొండలే కావలి మేడలు: పెనుకొండ, గుత్తి

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడడమే గగనమైన అనంతపురం మెట్టనేలలో, విజయనగర రాజుల నాటి నుంచి ఈస్టిండియా కంపెనీ నాటి దాకా ఎవరు పాలకులైనా వారి బలం రెండింటి మీద ఆధారపడింది. ఒకటి శత్రువు రాకను దూరం నుంచే పసిగట్టడానికి వీలైన కొండ, రెండవది ఆ కొండను నమ్ముకున్న జనానికీ సైన్యానికీ సరిపడా నీరు. మొదటిదాని గురించి చరిత్ర పుస్తకాలు చెప్పినంతగా రెండవదాని గురించి చెప్పలేదు.

ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న కొత్తచెరువుకు నైరుతి దిశగా ఇరవై కిలోమీటర్లకు పైబడిన దూరంలో పెనుకొండ దుర్గం ఉంది. 1354 నాటి శాసనాన్ని బట్టి, మొదటి బుక్కరాయలు పెనుకొండ రాజ్యాన్ని తన కుమారుడు విరూపణ్ణ ఒడయరుకు అప్పగించాడు. అప్పట్లో ‘రాజ్యం’ అంటే స్వతంత్ర దేశమని కాక, రాజకుటుంబీకులో దండనాయకులో ఏలే మండలమని అర్థం. కొత్తచెరువుకు ఆనుకొని చిత్రావతి నీటితో నిండే బుక్కపట్నం చెరువును కూడా స్థానిక సంప్రదాయం ఆ బుక్కరాయలకే ఆపాదిస్తుంది. దుర్గాన్నీ తటాకాన్నీ ఒకే రాజు పేరుతో జ్ఞాపకం పెట్టుకున్న ఈ సీమ ప్రజలకు పాలన అంటే ఏమిటో బాగానే తెలుసునని చెప్పవచ్చు.

1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత హంపీ పాడుపడగా, ఆరవీటి తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. కొండ పాదాన ఉన్న గగన్ మహల్‌కు నేడు కనిపించే రూపం ప్రధానంగా ఈ ఆరవీటి కాలానిదే. రెండంతస్తుల ఈ కట్టడం కింది భాగంలో కొనదేలిన కమానులు, గుమ్మటపు కప్పులు దక్కను సుల్తానుల వాస్తు రీతిని అనుసరించగా, పైన మాత్రం దేవాలయ విమానాన్ని పోలి అంతస్తులు అంతస్తులుగా కుదించుకుపోయే శిఖరం లేచి నిలుస్తుంది. ఒక పక్కన మెట్లదారిని కప్పిన భాగానికి కూడా దానిదైన చిన్న శిఖరం అమరి ఉంది. గోడల మీద గచ్చు, అంటే మెత్తగా నూరిన సున్నపు పూత, అక్కడక్కడ పెచ్చులూడినా, మిగిలినచోట పనివాడి చేతినేర్పు ఇంకా తెలుస్తూనే ఉంటుంది. తమను ఓడించిన సుల్తానుల శైలినే తమ మేడకు వాడుకోవడం ఆ రాజులకు అవమానంగా తోచలేదు. హంపీలోని లోటస్ మహల్‌లో అంతకుముందే ఆ కలయిక కుదిరింది, తరువాత చంద్రగిరి రాజమహలులోనూ కొనసాగింది.

ఈ శిఖరాన్ని కావలి బురుజుగా చెప్పుకోవడం వాడుకలో ఉన్నా, ఆ మాట పూర్తిగా నిలవదు. వెనుకనే వందల అడుగుల ఎత్తున కొండ నిలబడి ఉండగా, దాని పాదాన కట్టిన మేడ మీది నుంచి దూరపు శత్రువును చూడవలసిన అవసరం ఎవరికీ ఉండదు. నిజమైన కావలి కొండమీది బురుజులది. మేడ చూసేది ఊరిని, ఊరు చూసేది మేడను.

ఆ కావలికి కఠిన పరీక్ష 1589 ప్రాంతంలో ఎదురైంది. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా పెనుకొండను ముట్టడించినప్పుడు, ఆరవీటి రాజు వేంకటపతిరాయలు సంధికి ఒప్పుకున్నట్లు కబురంపి, పోరు ఆగిన ఆ కొద్ది వ్యవధిలోనే కోటలోకి తిండిగింజలను, తన సర్దారు జగదేవరాయల బలగాన్ని చేర్చుకున్నాడు. ఈలోగా వానాకాలం ముంచుకురావడంతో, వెనుక కృష్ణానది పొంగితే దారి మూసుకుపోతుందని సుల్తాను ముట్టడి ఎత్తివేశాడు. కొంతకాలానికి వేంకటపతిరాయలు తన నివాసాన్ని చంద్రగిరికి మార్చుకోవడంతో పెనుకొండ ప్రాభవం తగ్గింది.

సరిగ్గా ఇలాంటి సంధి మాటలే రెండు శతాబ్దాల తరువాత గుత్తిలో ఎదురుతిరిగాయి. బుక్కరాయల కాలపు శాసనంలో దుర్గరాజమనే కీర్తి పొందిన గుత్తి కోట, పద్దెనిమిదవ శతాబ్దంలో మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే వశమైంది. 1751లో ఆర్కాటు ముట్టడి వేళ ఇంగ్లీషువారికి తోడు నిలిచినవాడు ఇతడే. కొండ అంచున, నిట్టనిలువు చరియకు పైన, నున్నటి గచ్చుతో చేసిన చిన్న మంటపాన్ని నేటికీ మురారిరావు గద్దె అంటారు. అతడు అక్కడ చదరంగం ఆడేవాడనీ, ఖైదీలను ఆ చరియ మీది నుంచి తోయించేవాడనీ చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా, దిగువన ఊరంతా, దాని చుట్టూ ఉన్న మైదానమంతా ఒకేసారి కంటికి ఆనే చోటు అదేననడంలో సందేహం లేదు.

1775–76లో మైసూరు పాలకుడు హైదరాలీ కోటను చుట్టుముట్టినప్పుడు ఆ చూపు అక్కరకు రాలేదు. కొండమీద బావులు, దొనలు, అంటే రాతి గుంతల్లో వాననీరు నిలిచే సహజమైన మడుగులు ఉన్నా, నెలల తరబడి సాగిన ముట్టడిలో అవి అడుగంటాయి. డబ్బిచ్చి వదిలించుకుందామని మురారిరావు బేరం మొదలుపెట్టగా, ఆ రాకపోకల్లోనే లోపల నీరు కొద్దిరోజులకు మించి లేదన్న సంగతి హైదరుకు పొక్కింది. ఇక బేరం బిగించి అతడు కోటను పట్టుకున్నాడు. మురారిరావు కబ్బాలదుర్గంలో బందీగా ఉండి కన్నుమూశాడు.

ఆ తరువాత తన చేతికి వచ్చిన ఈ సీమను 1800లో నిజాం కంపెనీకి వదులుకున్నాక, థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా పనిచేశాడు. ఆపైన ఈ కొండలకు పడిన పని వేరు. దేశమంతా కొలవడానికి పూనుకున్న విలియం లాంబ్టన్ 1811లో గుత్తి దగ్గర ఒక ‘ఆధార రేఖ’ను కొలిచాడు. సమతల నేల మీద ఉక్కు గొలుసుతో అతి జాగ్రత్తగా కొలిచిన గీత అది; దాని రెండు చివరల నుంచి కొండ శిఖరాల వైపు కోణాలు తీసి, త్రిభుజానికి త్రిభుజం చేర్చుకుంటూ పోతే, గొలుసు వేయకుండానే మిగతా దూరాలు లెక్కకు వస్తాయి. అర టన్ను బరువున్న థియోడలైటు అనే కోణమాపక యంత్రాన్ని ఎత్తుల మీదికి మోయించిన ఆ సర్వే కన్యాకుమారి వైపు నుంచి హిమాలయాల దాకా సాగింది. దండు రాకను కనిపెట్టే ఎత్తులు ఆ విధంగా పటం గీసే ఎత్తులయ్యాయి.

గుత్తి కొండ ఎక్కేవారు గద్దె దగ్గర ఫొటో దిగి వెనుదిరగడం పరిపాటి. మరికొంత ఓపిక చేసుకొని ఆ బావులను, దొనలను కూడా చూసి రావాలి. 1776లో కోట చేజారింది అక్కడే.