వలసపోయిన జట్లు

ఉత్తరాంధ్ర నుంచి వలసపోనిదేమిటో వెతుక్కోవాలి. పలాస, టెక్కలి వైపు కుర్రాళ్లు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనులకు పోతారు. ఎచ్చెర్ల, పూసపాటిరేగ తీరాల మత్స్యకారులు గుజరాత్ వెళ్లి వెరావల్‌లో పరాయి బోట్లెక్కుతారు. మనకని రాసిపెట్టిన ఫుట్‌బాల్ జట్టూ ఆ బాటే పట్టింది. కాకపోతే మనుషులు కొన్నాళ్లయినా ఊళ్లో బతికి వెళ్లారు. జట్టు మాత్రం మన గడపే తొక్కలేదు.

2020 ఆగస్టులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగ్‌లోకి రెండు కొత్త జట్లను తీసుకుంటున్నట్టు ప్రకటించింది. ఒకటి ఢిల్లీ నుంచి సుదేవా, రెండోది విశాఖపట్నం నుంచి శ్రీనిధి. విజయనగరం కాంప్లెక్సులో బస్సెక్కితే విశాఖ గంటన్నర. శ్రీకాకుళం నుంచైనా పొద్దున్న వెళ్లి రాత్రికి ఇల్లు చేరొచ్చు. దేశస్థాయి ఫుట్‌బాల్ లీగు జట్టు అంత దగ్గరికి రావడం ఈ ప్రాంతం ఎన్నడూ ఎరగదు. ఆ జట్టు 2021-22లో శ్రీనిధి దక్కన్ అన్న పేరుతో బరిలోకి దిగింది. సొంత మైదానం హైదరాబాద్ శివార్లలో పెట్టుకుంది. డబ్బు పెట్టేవాళ్లు తమ నేల మీదే పెట్టుకుంటారు, తప్పు పట్టలేం. కానీ కాగితం మీదున్న విశాఖ కాగితం మీదే ఉండిపోయింది.

దాంతో మన పిల్లల దారి మళ్లీ ఎప్పటిలాగే హైదరాబాద్ వైపు తిరిగింది. ఆమదాలవలస స్టేషన్లో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, సికింద్రాబాద్‌లో దిగాలి.

జిల్లా సెలక్షన్స్ జరిగే రోజున ఏ కాలేజీ మైదానానికైనా పొద్దున్నే వెళ్లి చూడండి. ఆధార్ జిరాక్సు, స్టడీ సర్టిఫికెట్, పుట్టినతేదీ కాగితం పాలిథిన్ కవర్లో చుట్టి బొడ్డులో దోపుకున్న పిల్లలుంటారు. ఆడటం అయిపోయినవాడు బూట్లు విప్పి, తర్వాత దిగేవాడికి ఇస్తాడు. వాడి పాదం చిన్నదైతే ముందు భాగంలో దినపత్రిక ముక్క ఉండచుట్టి కూరుతాడు. అవే బూట్లు మధ్యాహ్నం దాకా నాలుగైదు కాళ్లు మారతాయి. గట్టు మీద కూర్చున్న తండ్రి పీడీ మేష్టారిని అడిగే మాట మాత్రం మారదు: “ఇదాడితే ఉజ్జోగమొస్తాదేటి మేష్టారూ?”

ఒకప్పుడు ఆ ప్రశ్నకు జవాబుండేది. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చినా కోచ్ ఆయనే. సిటీ పోలీస్ జట్టు వెనక పోలీసు శాఖ ఉంది. మోకాలు దెబ్బతిని ఆట పోయినా యూనిఫాం మిగిలేది, నెల జీతం మిగిలేది.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం పోలీసులు వాడి పారేసిన బూట్లను చెప్పులు కుట్టేవాడి చేత బాగుచేయించుకుని ఆడినవాడు. ఆ బూట్లతో మొదలైన కుర్రాడు మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్ రెండూ ఆడాడు. జకార్తా స్వర్ణంలో వాటా పంచుకున్నాడు. జబ్బు చేసి, ముప్పై నిండకుండానే 1963లో ఆట వదిలేశాడు. అదే ఏడాది జూన్‌లో రహీం కేన్సర్‌తో కన్నుమూశాడు. ఆంధ్రప్రదేశ్ ఆఖరిసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది 1965-66లో. అంతటి బలరాం కూడా బతుకుతెరువుకు కలకత్తాకే పోయాడు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో పోయాడు. చివరిదాకా పద్మశ్రీ రాలేదు. ఆ లోటు ఆయనకంటే మనకే ఎక్కువ సిగ్గుచేటు.

ఆ సంతోష్ ట్రోఫీ తర్వాత యాభై ఏళ్లు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. ఐ-లీగ్ కంటే పైమెట్టు అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో పుణె జట్టు మూతపడితే ఆ ఖాళీలో వచ్చిన జట్టు. తొలి సీజన్లో అట్టడుగున నిలిచింది. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. ఊరూ పేరూ లేని కుర్రాళ్లకు బంతి అప్పజెప్పడం ఆయన పద్ధతి. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. ఆట 1-1 దగ్గర ఆగితే పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డు నిలిచాడు, 3-1తో కప్పు మన పేరు మీదికొచ్చింది. కరోనా కారణంగా ఆ సీజనంతా గోవాలోనే జరిగింది. హైదరాబాద్ విజేతగా నిలిచిన ఏడాది హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇప్పుడు తలుచుకుంటే అది శకునంలా తోస్తుంది. అప్పుడు మాత్రం ఎవరికీ అలా అనిపించలేదు, ఆ సంబరమే వేరు.

మరుసటి ఏడాది లీగులో రెండో స్థానం. అక్కడితో పైకెక్కడం అయిపోయింది.

2023-24లో జీతాల బకాయిలు బయటపడ్డాయి. కొత్త ఆటగాళ్లను తీసుకోకూడదంటూ నిషేధం పడింది. జనవరికల్లా విదేశీయులూ, పేరున్న మనవాళ్లూ ఒక్కొక్కరే ఒప్పందాలు తెంచుకుని వెళ్లిపోయారు. బ్రెజిల్ నుంచి వచ్చిన జొవావ్ విక్టర్ ఒక్కడు ఆగాడు. మిగిలిన చోట్లు చాలావరకు రిజర్వు జట్టు పిల్లలతో నింపారు. అకాడమీలో పెరిగే ఏ కుర్రాడైనా కలగనేది ఆ రోజునే కదా: నోటీసు బోర్డు మీద పెద్ద జట్టు జాబితా, అందులో తన పేరు. ఆ రోజు వచ్చింది, కానీ ఇల్లు కాలిపోతుంటే తాళంచెవి చేతిలో పెట్టినట్టు వచ్చింది. కోచ్ తంగ్‌బోయ్ సింగ్తో ఆ పిల్లలతోనే సీజన్ నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో 8 పాయింట్లు, ఒకే ఒక్క గెలుపు, అదీ మార్చిలో చెన్నయిన్ మీద. ఇరవై దాటీదాటని పిల్లలు వారం వారం తమకంటే పదేళ్ల అనుభవం ఎక్కువున్నవాళ్ల చేతిలో ఓడి, మళ్లీ లేచి తర్వాతి మ్యాచ్‌కు బూట్లు కట్టుకున్నారు. ఆ ఓటమి వాళ్లది కాదు. లెక్కల్లో మాత్రం వాళ్ల పేరు మీదే ఉంటుంది.

2024లో యాజమాన్యం చేతులు మారింది. 2025లో జట్టు ఢిల్లీకి పోయింది, పేరూ రంగూ మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. విశాఖ పేరు మీద వచ్చింది హైదరాబాద్‌లో ఆగింది, హైదరాబాద్ పేరు మీద ఉన్నది ఢిల్లీ చేరింది. హైదరాబాద్‌లో ఆగిన శ్రీనిధి కథ ఇంకో రకం. 2022-23లోనూ, 2023-24లోనూ ఐ-లీగులో రెండో స్థానంలో నిలిచింది. మొదటి స్థానానికే ఐఎస్‌ఎల్ తలుపు తెరుచుకుంది. ఆ రెండుసార్లూ పంజాబ్, మొహమెడన్ ఆ తలుపు దాటి వెళ్లాయి.

పైమెట్టు అందరికీ అందదు, నిజమే. ఇంగ్లండ్ అకాడమీల్లోనూ తొమ్మిదేళ్లకే చేరిన పిల్లల్లో వృత్తి ఆటగాళ్లయ్యేది బహు కొద్దిమంది. అయితే అక్కడ క్లబ్బు వద్దన్న కుర్రాడికి కింది డివిజన్లు చాలా ఉంటాయి, వారం వారం ఏదో ఒక ఊళ్లో ఆట ఉంటుంది. మన కుర్రాడు పైమెట్టు జారితే నేరుగా ఊరి బస్ కాంప్లెక్సులో దిగుతాడు.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు ఆట రాదనడానికి వీల్లేదు. విజయనగరం పక్కన కొండవెలగాడ చూడండి. పల్లెటూరే, కానీ వెయిట్‌లిఫ్టర్లను కంటూనే ఉంది. మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది ఆ ఊరి నుంచే. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం ఎత్తింది. ఆ ఇద్దరి ఆటా ఊళ్లోనే మొదలైంది. ఇనుపకడ్డీ ఊళ్లోనే ఉంది, నేర్పేవాడు పక్క వీధిలో ఉన్నాడు, ఆ ఆటతో ఉద్యోగమూ దొరికింది. ఎవరో ముంబైలోనో ఢిల్లీలోనో సంతకం పెడితే కొండవెలగాడ కదలదు. ఫుట్‌బాల్‌కు ఒక్కడు చాలడు, పదకొండు మంది కావాలి, ఎదుట ఇంకో పదకొండు మంది కావాలి, ఏడాది పొడవునా వాళ్లు తలపడే లీగు కావాలి. జిల్లాలో అటువంటి లీగు లేకుండా పైన ఎన్ని క్లబ్బులు వచ్చినా అద్దెకు దిగినవాళ్లే.

ఈ వేసవిలోనూ ఏదో ఒక అకాడమీ కరపత్రం మీ వీధిలోకొస్తుంది. పిల్లాడు ఆడతానంటే పంపండి, ఆపకండి. సంతకం పెట్టేముందు మాత్రం ఆ కాగితంలో పదో తరగతి పరీక్షల గురించీ, కాలు విరిగితే ఆసుపత్రి ఖర్చు గురించీ ఏం రాశారో చదవండి. రాయకపోతే రాయించుకోండి.