పెదవి దాటిన మాట: సామెతలు, హైదరాబాదు సంస్థాన చరిత్ర

మీరు ఘట్‌కేసర్‌లో గాని, ఉప్పల్, నాచారం వైపు గాని ఉంటున్నవారైతే, ఇంట్లో పెద్దల నోట ఈ మాటలు వినే ఉంటారు: "పెదవి దాటితే పృథ్వి దాటుతుంది", "కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం", "నోరు మంచిదైతే ఊరు మంచిది". పక్కింట్లో ఉర్దూ మాట్లాడేవారుంటే "పహ్లే తోలో, ఫిర్ బోలో" అన్నదీ చెవిన పడే ఉంటుంది. ముందు తూచు, తరువాత మాట్లాడు అని దాని అర్థం. సాధారణంగా వీటిని నీతివాక్యాలుగా విని వదిలేస్తాం. ఈ పాఠంలో వాటిని చరిత్రకు ఆధారాలుగా చదివి చూద్దాం.

సామెతను ఆధారంగా తీసుకోవడంలో ఒక చిక్కు ఉంది. దానికి తేదీ ఉండదు. కార్ అనే ఆంగ్లేయ అధికారి తెలుగు సామెతలను పోగుచేసి 1868లో మద్రాసులో అచ్చువేయించాడు. ఒక సామెత అందులో కనిపిస్తే, అప్పటికే అది వాడుకలో ఉందని మాత్రం చెప్పగలం. అంతకు ఎన్నేళ్ల ముందు పుట్టిందో ఆ పుస్తకం చెప్పదు. కాబట్టి "ఇది ఎప్పటిది?" అన్న ప్రశ్న కంటే "దీన్ని ఎవరు, ఎవరితో అంటారు?" అన్న ప్రశ్న మనకు ఎక్కువ పనికివస్తుంది.

"నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నది కొత్త కాపురానికి వెళ్లే పిల్లకు తల్లి చెప్పే మాట. నలుగురితో కలిసి బతకవలసినవారు ఎదుటివారి మనసు నొప్పించకూడదన్నది అందులో ఉంది. "గోడలకు చెవులుంటాయి", "పగలు పక్క చూసి మాట్లాడు, రాత్రి అదీ వద్దు" అన్నవి వేరే జాతివి. వీటిలో మాట తప్పా ఒప్పా అన్న విచారణే లేదు. ఎవరు వింటున్నారన్నదే సమస్య. మొదటిది బాధ్యత, రెండవది భయం. రెండింటినీ ఒకే గంపలో వేసి "మన పెద్దలు మితభాషులు" అని తేల్చేయడం తొందరపాటు అవుతుంది.

ఈ తేడా హైదరాబాదు సంస్థాన చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 53వ నంబరు గస్తీ వెలువడింది. (గస్తీ అంటే ఇక్కడ కాపలా తిరగడం కాదు, సర్క్యులర్.) దాని ప్రకారం రాజకీయ సభ జరపాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలి. అంటే మాటను ముందు తూచవలసిన బాధ్యత మాట్లాడేవాడి చేతిలోంచి సర్కారు చేతిలోకి పోయింది. తక్కెడ ఎవరి చేతిలో ఉందో గమనించండి. ఈ పాఠమంతటికీ అదే కీలకం.

ఈ పరిస్థితిలోనే సురవరం ప్రతాపరెడ్డి 1926 మే 10న గోలకొండ పత్రికను ప్రారంభించారు. ఆయన సంపాదకీయాలు సర్కారుకు నచ్చలేదు. అనుమతి లేకుండా సంపాదకీయం అచ్చువేయరాదని ఆజ్ఞ వచ్చింది. ఆయన ఎదురుతిరిగి రాయలేదు, ఆ స్థలాన్ని ఖాళీగానూ వదల్లేదు. సంపాదకీయం ఉండవలసిన చోట ప్రపంచ మేధావుల సూక్తులు వేశారు. వాటిలో నిజాం పేరు ఉండదు, ప్రభుత్వం మీద ఒక్క వ్యాఖ్యా ఉండదు. కాని చదివేవాడికి అవి ఎవరికి తగులుతున్నాయో అర్థమయ్యేది. పెద్దల మాట నోటికి తాళం వేస్తుందని అనుకుంటాం. ఇక్కడ ఆ పెద్దల మాటే తాళంచెవి అయింది! ఇది ఆలోచించకుండా చేయగల పని కాదు. ఏ సూక్తి అచ్చువేయవచ్చు, ఏది పత్రికనే మూయించగలదు అని ప్రతిసారీ తూచవలసిందే.

అదే సంపాదకుడు ఎదుర్కొన్న మరో సందర్భం చూడండి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు "పూజ్యం" అని ముడుంబ వేంకట రాఘవాచార్యులు అనే పండితుడు అన్నారు. పూజ్యం అంటే గౌరవనీయమనీ అర్థముంది, సున్న అనీ అర్థముంది. ఆయన అన్నది రెండవ అర్థంలో. లెక్క చూడకుండా అన్న మాట. తెలంగాణలో చాలామందికి అది గుచ్చుకుంది. దానికి తిట్టుతో బదులివ్వడం సులువు. సురవరం ఊరూరా కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. అందులో 354 మంది కవులున్నారు. సున్న అన్నవారికి సంఖ్యతోనే సమాధానం దొరికింది. నోరు జారిన మాటను తీసుకోలేమన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ చూపడం కష్టం. ఆ మాట ఈనాటికీ సంచికతో పాటే తలచుకోబడుతోంది.

అయితే ఆచితూచి మాట్లాడటానికీ ఒక హద్దు ఉంది. 1930లో జోగిపేటలో సురవరం అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభ చదువు, గ్రంథాలయాలు, సంఘసంస్కరణ వంటి విషయాల మీదే ఎక్కువగా నిలిచింది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన సభనాటికి స్వరం మారింది. సభ్యత్వ రుసుము రూపాయి నుంచి అణాకు తగ్గింది, మితవాదులు దూరంగా ఉండిపోయారు. ఘట్‌కేసర్ నుంచి వరంగల్ దారిలో ముందుకు వెళితే వచ్చేది ఆ భువనగిరే. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాదులో చంపేశారు. రజాకార్లను విమర్శిస్తూ, సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని ఆయన రాశారు. బెదిరింపులు వచ్చినా ఆగలేదు. ఆలోచించకుండా రాశారని ఆయన గురించి ఎవరూ అనలేరు.

సురవరం రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వెలువడింది. రాజుల యుద్ధాలకు బదులు జనం తిండి, బట్ట, ఆటలు, నమ్మకాల చరిత్ర అది. దానికి ఆయన వాడుకోదగిన ఆధారాలుగా చెప్పినవాటిలో శాసనాలు, కైఫీయతులు, నాణేలతో పాటు సామెతలూ ఉన్నాయి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఆ గ్రంథానికి దక్కింది. అప్పటికి ఆయన లేరు, 1953లోనే కన్నుమూశారు.

కృత్యం: మీ ఊరిలో అరవై ఏళ్లు దాటిన ముగ్గురిని కలిసి, మాట గురించిన సామెతలు అడిగి రాసుకోండి. ఒక్కొక్కదాని పక్కన, అది మొదట ఎవరి నోట విన్నారో, ఏ సందర్భంలో విన్నారో కూడా నమోదు చేయండి. వాటిలో బాధ్యత నేర్పేవి ఎన్ని, భయం నేర్పేవి ఎన్ని?