డెలిగేట్: మాటుంది, ఓటు లేదు

మహాసభలకు మెడలో కార్డు వేసుకుని వెళ్లేవారిని డెలిగేట్లు అంటాం. పని అప్పగించి పంపడమనే అర్థమున్న లాటిన్ మాట 'డెలెగారె' దీనికి మూలం. అమెరికా కాంగ్రెస్‌లో మాత్రం ఈ మాటకో మెలిక ఉంది. ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం పంపినవాడు డెలిగేట్. 1787 నాటి వాయవ్య భూభాగ శాసనం అతనికి చర్చించే హక్కు ఇచ్చింది, ఓటు ఇవ్వలేదు.

1794లో నేటి టెనెసీ ప్రాంతం నుంచి జేమ్స్ వైట్ వచ్చేసరికి ప్రతినిధుల సభ తికమకపడింది. ఈయన్ని ఏ సభలో కూర్చోబెట్టాలి? ప్రమాణం చేయించాలా? చివరికి తమ సభలోనే కూర్చోమన్నారు, ప్రమాణం అక్కర్లేదన్నారు. ఓటే లేనివాడికి ఒట్టెందుకు అనుకున్నారు కాబోలు!

నోరొక్కటే ఉన్నా దాన్ని గట్టిగా వాడుకున్నవాళ్లున్నారు. విలియం హెన్రీ హారిసన్ 1800లో ప్రభుత్వ భూములను చిన్న కమతాలుగా, వాయిదాల మీద అమ్మే చట్టం తెప్పించాడు. తర్వాత అధ్యక్షుడూ అయ్యాడు. హవాయి రాజకుమారుడు కుహియో రాష్ట్ర హోదా బిల్లు పెట్టింది 1919లో. అది దక్కింది 1959లో. అప్పటికి ఆయన పోయి 37 ఏళ్లు.

గువామ్, వర్జిన్ దీవుల డెలిగేట్లు నేటికీ కమిటీల్లో ఓటేస్తారు. బిల్లు తుది ఓటింగుకు వస్తే మాత్రం వాళ్లకు ఓటుండదు.