తిహార్ జైలు: నిర్బంధితుల హక్కుల చరిత్ర

పశ్చిమ ఢిల్లీలో జనక్‌పురిని ఆనుకుని ఉన్న జైళ్ల సముదాయం తిహార్. పక్కనున్న పల్లె పేరే దానికి స్థిరపడింది. 1950ల చివర్లో కట్టిన ఈ జైలు కొన్నాళ్లు పంజాబ్ పాలన కింద నడిచి, 1966లో ఢిల్లీ చేతికి వచ్చింది. దేశంలోని అతి పెద్ద జైళ్లలో ఇదొకటన్నది అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది మరొకటుంది. పోలీసుల చేతికి చిక్కిన మనిషికి ఏ హక్కులుంటాయో తేల్చిన సుప్రీంకోర్టు తీర్పుల్లో ముఖ్యమైనవి కొన్ని, ఈ గోడల వెనుక నుంచి ఖైదీలు పంపుకున్న మొరలతోనే మొదలయ్యాయి.

అరెస్టు చేసిన మనిషికి కారణం చెప్పాలి, లాయరును కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి అని రాజ్యాంగం 22వ అధికరణ చెబుతుంది. ముందస్తు నిర్బంధానికి మాత్రం ఈ రక్షణలు వర్తించవని చెప్పేదీ అదే అధికరణ. నేరం చేశాడని కాదు, చేస్తాడేమోనన్న అనుమానంతోనే, సలహా మండలి అభిప్రాయం లేకుండా మూడు నెలల దాకా లోపల ఉంచవచ్చు. 1950 నాటి ముందస్తు నిర్బంధ చట్టం, 1971 నాటి మీసా (అంతర్గత భద్రతా నిర్వహణ చట్టం), 1980 నాటి జాతీయ భద్రతా చట్టం ఈ సందులోంచి వచ్చినవే. ‘పీడీ (ముందస్తు నిర్బంధ) యాక్టు పెట్టారు’ అన్న మాట తెలుగునాట ఎప్పుడో వాడుకలోకి వచ్చేసింది. 1971లో కవులు జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజులను పీడీ చట్టం కిందే పట్టుకెళ్లగా హైకోర్టు విడిపించింది.

1975–77 ఎమర్జెన్సీలో తిహార్ రాజకీయ ఖైదీలతో నిండిపోయింది. పాత్రికేయుడు కుల్‌దీప్ నయ్యర్, జైపూర్ మాజీ మహారాణి గాయత్రీదేవి అక్కడే ఉన్నారు. దేశం మొత్తం మీద మీసా, భారత రక్షణ నిబంధనల కింద 1,10,806 మందిని నిర్బంధించారని ఎమర్జెన్సీ అకృత్యాలపై విచారణ జరిపిన షా కమిషన్ లెక్కతేల్చింది.

ఆ లెక్కలో ఒక మనిషి కథ చూద్దాం. 1975 సెప్టెంబర్ 25 ఉదయం జేఎన్‌యూ ప్రాంగణంలోకి నల్ల అంబాసిడర్ కారు వచ్చింది. దిగినవాళ్లు మఫ్టీలో ఉన్న పోలీసులు. విద్యార్థి సంఘం అధ్యక్షుడు దేవీప్రసాద్ త్రిపాఠీ అనుకుని మరో విద్యార్థి ప్రబీర్ పుర్కాయస్థను కార్లోకి లాక్కుని పోయారు. పట్టుకున్నది వేరే మనిషినని తెలిశాకైనా వదిలిపెట్టాలి కదా! వదల్లేదు. మీసా కింద ఉత్తర్వు తెప్పించి దాదాపు ఏడాది జైల్లో ఉంచారు. మొదట మనిషిని ఎత్తుకుపోవడం, తర్వాత దానికి సరిపడే కాగితం పుట్టించడం: అక్రమ నిర్బంధం నడిచే తీరంతా ఈ ఒక్క ఘటనలో కనిపిస్తుంది. అలాంటివారికి హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు ఉంచమనే పిటిషన్) వేసే దారి కూడా లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నలుగురు జడ్జీల మెజారిటీతో చెప్పింది. కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ఆ తీర్పును కోర్టు పేరుపెట్టి కొట్టేయడానికి 2017లో పుట్టస్వామి కేసు దాకా ఆగవలసి వచ్చింది.

ఎమర్జెన్సీ ముగిశాక తిహార్ నుంచే గొంతు లేచింది. మరణశిక్ష పడిన సునీల్ బత్రా తనను ఒంటరి కొట్టులో పెట్టడాన్ని, చార్లెస్ శోభరాజ్ తన కాళ్లకు రాత్రింబవళ్లు ఇనుప సంకెళ్లు వేసి ఉంచడాన్ని కోర్టులో సవాలు చేశారు. జైల్లో పడ్డంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులు పోవని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. బత్రా అక్కడితో ఊరుకోలేదు. డబ్బు గుంజడం కోసం ఒక వార్డరు తోటి ఖైదీని చిత్రహింస పెట్టాడని జడ్జికి ఉత్తరం రాశాడు. దాన్నే పిటిషన్‌గా తీసుకున్న ధర్మాసనంలో జస్టిస్ కృష్ణయ్యర్‌తో పాటు తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఉన్నారు. జైల్లో ఫిర్యాదు పెట్టెలుండాలి, జడ్జీలు వచ్చి చూడాలి, హక్కులు తెలిపే పుస్తకం ఖైదీల చేతికి హిందీలో అందాలి అని ఆ ధర్మాసనం ఆదేశించింది. తన కోసం కాక పక్కవాడి కోసం రాసిన ఉత్తరం ఇంత పని చేసింది.

అలాగే తిహార్ విచారణ ఖైదీ ప్రేమ్ శంకర్ శుక్లా సుప్రీంకోర్టు జడ్జికి టెలిగ్రాం కొట్టాడు. కోర్టుకు తీసుకెళ్లిన ప్రతిసారీ బేడీలు వేస్తున్నారన్నది ఫిర్యాదు. మెరుగైన తరగతి ఖైదీలకు బేడీలు లేకుండా, మామూలువాళ్లకు మాత్రం వేసే పంజాబ్ పోలీసు నిబంధనలను 1980లో కోర్టు కొట్టేసింది. పారిపోతాడనడానికి గట్టి కారణం ఉంటే తప్ప బేడీలు కూడదంది. 1996లో డి.కె. బసు తీర్పు అరెస్టు మెమో, బంధువుకు కబురు, 48 గంటలకోసారి వైద్య పరీక్ష తప్పనిసరి చేసింది.

తీర్పులు కాగితం మీద ఉండగానే హైదరాబాద్‌లో 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. పాతబస్తీ నుంచి ముస్లిం యువకులను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. హింసించారన్న ఆరోపణల మీద రాష్ట్ర మైనారిటీ కమిషన్ ఒక న్యాయవాదితో విచారణ జరిపించింది. పెట్టిన కేసులు కోర్టుల్లో వీగిపోయాయి. 2012 మొదట్లో ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. పోయిన రోజులకు, పోయిన ఉద్యోగాలకు, పోలీసులు వేసిన ముద్రకు బదులు చెప్పే బాధ్యత ఎవరిదన్నది తేలనేలేదు. ఇది న్యాయం కాదు.

ఎమర్జెన్సీలో పట్టుకెళ్లిన పుర్కాయస్థను 2023 అక్టోబర్ 3న ఢిల్లీ పోలీసులు మళ్లీ అరెస్టు చేశారు, ఈసారి న్యూస్‌క్లిక్ వార్తా వెబ్‌సైట్ సంపాదకుడిగా, ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం కింద. మర్నాడు పొద్దున ఆరు గంటలకల్లా జడ్జి ఇంటి వద్ద హాజరుపరిచి ఏడు రోజుల పోలీసు కస్టడీ తీసుకున్నారు. ఆయన పెట్టుకున్న లాయరు అప్పటికి అక్కడ లేడు. అరెస్టు కారణాలను రాతపూర్వకంగా ఇవ్వలేదు కాబట్టి ఆ అరెస్టే చెల్లదని 2024 మే 15న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ సాయంత్రమే ఆయన విడుదలయ్యారు.

అదే 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత కొన్ని నేరాల్లో బేడీలు వేయడానికి పోలీసులకు మళ్లీ అధికారమిచ్చింది. 1986 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పీడీ చట్టాన్ని తెలంగాణలో విచ్చలవిడిగా వాడుతున్నారని 2023లో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. మామూలు నేరచట్టం సరిపోయే చోట ఈ చట్టాన్ని తీయకూడదని చెప్పింది. ఇక సలహా మండలి అభిప్రాయం లేకుండా నిర్బంధించగల మూడు నెలల గడువును రెండుకు తగ్గిస్తూ 1978లో 44వ సవరణతో పార్లమెంటు ఆమోదించిన నిబంధనను ఆ తర్వాత వచ్చిన ఏ కేంద్ర ప్రభుత్వమూ అమల్లోకి తేలేదు.