పార్కిన్సన్స్ వ్యాధి: నిలకడకు ఫిజియోథెరపీ
పార్కిన్సన్స్ వ్యాధిలో డోపమైన్ తయారుచేసే మెదడు కణాలు నశిస్తాయి. వణుకు, బిగుతుతోపాటు క్రమంగా నిలకడ తగ్గుతుంది. కొందరు నడకలో అడుగు ఉన్నట్టుండి ఆగిపోయి, తూలి పడతారు. లెవోడోపా అనే మందు కదలికలను మెరుగుపరిచినా నిలకడ లోపాన్ని అంతగా సరిచేయదు. అందుకే పరిశోధకులు వ్యాయామంపై దృష్టి పెట్టారు. అమెరికాలోని ఆరెగాన్‌లో 195 మందితో 24 వారాలు సాగిన అధ్యయనం (2012) ప్రకారం, సాగదీత వ్యాయామాలు చేసినవారికంటే తాయ్ చీ (నెమ్మదైన కదలికల చైనా వ్యాయామం) సాధన చేసినవారు తక్కువసార్లు పడిపోయారు. ఆస్ట్రేలియాలో 231 మందిపై జరిపిన అధ్యయనంలో (2015) ఆరు నెలల వ్యాయామం వల్ల పడిపోవడం తగ్గింది వ్యాధి తీవ్రత తక్కువగా ఉన్నవారిలోనే. ఫిజియోథెరపీలో వాడే నేలమీద గీతలు, తాళం వంటి సూచనలు ఆగిన అడుగును మళ్లీ కదిలించగలవు.