టెక్స్ట్ బాక్స్‌లో తెలుగు: కనిపించే అక్షరం, ప్రోగ్రాముకు అందే అక్షరం - చారిత్రక పరిశీలన

కంప్యూటర్ తెరపై పేరో ఊరో టైపు చేయడానికి చూపే చిన్న గడిని సాంకేతిక పరిభాషలో టెక్స్ట్ బాక్స్ అంటారు. వాడుకరి అందులో నింపిన దాన్ని ప్రోగ్రాము చదువుకుంటుంది. జావాలో 'గెట్‌టెక్స్ట్' అనే ఒక్క పిలుపు, విజువల్ బేసిక్‌లో 'టెక్స్ట్' అనే ఒక్క లక్షణం ఇందుకు చాలు. ప్రోగ్రామింగ్ పాఠ్యపుస్తకాలు కొద్ది వాక్యాల్లో ముగించే ఈ అంశానికి ఒక చరిత్ర ఉంది. గడిలో కంటికి కనిపించేదీ ప్రోగ్రాముకు అందేదీ ఒకటేనా అన్న ప్రశ్న ఇంగ్లీషు విషయంలో దాదాపు తలెత్తలేదు. తెలుగు విషయంలో మాత్రం చాలాకాలం అదే అసలు సమస్యగా నిలిచింది. ఆ కాలపు డిజిటల్ పాఠాలను ఆకరాలుగా స్వీకరించే పరిశోధకులు ఈ చరిత్రను పట్టించుకోక తప్పదు.

తెరపై నేరుగా టైపు చేసి దిద్దుకునే నేటి పద్ధతికి ప్రధానమైన మూలం అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనాలయంలో కనిపిస్తుంది. అక్కడ ఆల్టో కంప్యూటర్ కోసం 1974లో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ తదితరులు 'బ్రావో' అనే రచనా సాధనాన్ని రూపొందించారు. అందులో మీటలు ఒకసారి అక్షరాలుగానూ మరొకసారి ఆజ్ఞలుగానూ పనిచేసేవి. ఆజ్ఞల స్థితిలో ఉన్నట్లు గమనించక 'ఎడిట్' అనే ఇంగ్లీషు మాటను కొడితే, మొదటి అక్షరం పాఠమంతటినీ ఎంచుకునేది, రెండవది దాన్ని చెరిపేసేది, మూడవది కొత్త పాఠాన్ని చేర్చే స్థితికి తెచ్చేది. చివరకు తెరపై 'టి' ఒక్కటే మిగిలేది. ఈ ఉదంతం ఆ రంగంలో సామెతలా నిలిచిపోయింది. లారీ టెస్లర్, టిమ్ మాట్ రూపొందించిన 'జిప్సీ' ఈ ద్వంద్వ స్థితిని తొలగించింది. కొట్టిన అక్షరం అక్షరంగానే పడాలన్న నియమం అక్కడ స్థిరపడింది.

1984లో మెకింటాష్, 1985లో విండోస్ వచ్చాక టెక్స్ట్ బాక్స్ వ్యవస్థ సమకూర్చే సిద్ధవస్తువు అయింది. అంతకుముందు ప్రతి మీటనూ ప్రోగ్రామే పట్టుకుని, చెరిపివేతలనూ దిద్దుబాట్లనూ తానే చూసుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఆ పనంతా వ్యవస్థది. ప్రోగ్రాము చివరన గడిలో ఏముందో అడిగి తెలుసుకుంటే చాలు. శ్రమ తగ్గిన మాట నిజమే. కాని దీని పర్యవసానం మరొకటి ఉంది: వ్యవస్థకు తెలియని లిపి ప్రోగ్రాముకు కూడా అందదు.

భారతీయ లిపులకు తొలి గట్టి పరిష్కారం టెక్స్ట్ బాక్స్‌కు వెలుపలి నుంచి వచ్చింది. ఐఐటీ కాన్పూరులో మొదలై సీడాక్‌లో కొనసాగిన 'జిస్ట్' కృషి, డాస్ కంప్యూటర్లో అమర్చే ఒక కార్డు ద్వారా కీబోర్డునూ తెరనూ తన ఆధీనంలోకి తీసుకుంది. 1991లో భారతీయ ప్రమాణంగా వెలువడిన ఇస్కీలో ఒక్కో వర్ణానికి ఒక్కో సంకేతం ఉంటుంది. ఒత్తుగా మార్చి చూపడం ప్రదర్శన భాగం పని. కనుక ప్రోగ్రాము చదువుకునేది వర్ణక్రమాన్నే. అక్షరానికీ ఆకృతికీ మధ్య గీసిన ఈ గీత ఆనాటికి చాలా ముందుచూపు గలది.

విండోస్ వ్యాప్తితో ఈ గీత చెరిగిపోయింది. డీటీపీ ఫాంట్లు తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి ముక్కలను లాటిన్ అక్షరాల స్థానాల్లో కూర్చాయి. గడిలో చక్కని తెలుగు కనిపించేది. చదువుకున్న ప్రోగ్రాముకు మాత్రం లాటిన్ గుర్తుల గుంపు అందేది. ఆ పేర్లను వరుసక్రమంలో పెడితే అకారాది క్రమం రాదు. మరో సంస్థ ఫాంటుతో తెరిస్తే పాఠమే చదవరాదు. అయినా ఆ ఫాంట్లను నిందించడం న్యాయం కాదు. పత్రికలు, పుస్తక ప్రచురణ ఆ రోజుల్లో వాటి మీదే నడిచాయి. ఇదే కాలంలో రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ప్రచారంలోకి వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ప్రవాసులు తెలుగును లాటిన్ లిపిలోనే రాశారు. చూడటానికి అది తెలుగులా ఉండదు. కాని అందులో దాగినవి ఆకృతులు కావు, ధ్వనులు. అందుకే ఆ పాఠాలను నేటి లిపిలోకి మార్చడం డీటీపీ ఫైళ్లను మార్చడం కంటే ఎంతో సులభం.

1991లో మొదటి సంపుటి వెలువడిన యూనికోడ్, ఇస్కీ అమరికను అనుసరించి తెలుగుకు 128 స్థానాల విడి విభాగాన్ని కేటాయించింది. కాని ప్రమాణం ఉండటం వేరు, గడి దాన్ని అంగీకరించడం వేరు. 1998 నాటి విజువల్ బేసిక్ 6 ఇందుకు మంచి నిదర్శనం. ఆ భాష తన లోపల పాఠాన్ని యూనికోడ్‌లోనే దాచుకునేది. దాని టెక్స్ట్ బాక్స్ మాత్రం పాత కోడ్ పేజీల పద్ధతికి కట్టుబడి ఉండేది. విండోస్‌లో తెలుగుకు అటువంటి కోడ్ పేజీ లేదు. ఫలితంగా ఇల్లు తెలుగుకు అనువుగా కట్టి ఉన్నా గుమ్మం దగ్గరే ప్రతి అక్షరమూ ప్రశ్నార్థకంగా మారిపోయేది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో, తెలుగు కీబోర్డుతో వచ్చాకే యూనికోడ్ తెలుగు సాధారణ వాడుకరి గడిలోకి చేరింది.

అయినా కంటికీ లెక్కకూ పూర్తి పొత్తు కుదరలేదు. 'స్త్రీ' పాఠకుడికి ఒక్క అక్షరం. జావా ప్రోగ్రాము దాని పొడవు అడిగితే ఆరు అని వస్తుంది: మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక దీర్ఘం. యూటీఎఫ్-8లో భద్రపరిస్తే అదే పద్దెనిమిది బైట్లు. పేరుకు ఇరవై అక్షరాల పరిమితి పెట్టిన గడిలో తెలుగు పేరు మధ్యలో తెగడానికి కారణం ఇదే. గ్రంథపాఠాల్లో అక్షర సంఖ్యను యంత్రంతో లెక్కించే ఛందోపరిశోధనలు కూడా ఈ తేడాను సరిచూసుకోకపోతే తప్పు ఫలితాలే ఇస్తాయి.

'సాఫ్ట్‌వేర్' వంటి మాట మరింత చిక్కైనది. ట-కారపు పొల్లు తర్వాత వ-కారం ఒత్తుగా మారకుండా అక్కడ కంటికి కనిపించని ఒక విభాజక సంకేతాన్ని చేర్చుతారు. దాన్ని చేర్చి రాసిన మాట, చేర్చకుండా రాసిన మాట వెతుకులాటలో రెండు వేర్వేరు మాటలు. గడి నుంచి వచ్చిన పాఠాన్ని భద్రపరచే ముందే ప్రోగ్రాము ఈ రెంటినీ ఒక రూపానికి తేవాలి. ఆ పని జరగని పదసూచికల్లో ఒకే మాట రెండు పదాలుగా నమోదవుతుంది.